తుపాకి తన్ను – గొట్టం పొడవు : ఒక పాత గుమాస్తా లెక్క

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయవలసిందిగా మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు, మడకశిర కొండమీది కోట గురించో, పాళెగాండ్ల గురించో వ్రాస్తానని ఆయన అనుకొని ఉండవచ్చు. వాటిని గూర్చి నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఈ సంఘంలోనే ఉన్నారు. నేను వ్రాయబోయేది వేరు. ముప్పై అయిదేండ్ల సర్వీసులో సుమారు ఏడేండ్లు మెజిస్టీరియల్ సీటులో కూర్చొని తుపాకి లైసెన్సుల ఫైళ్ళు చూసినవాణ్ణి. ఆ ఫైళ్ళలో ప్రతిసారీ నింపవలసిన ఒక గడి ఉండేది: "గొట్టం పొడవు". ఆ గడి ఎందుకో చాలాకాలం నాకు తెలియలేదు. తెలిసేనాటికి ఒక రైతుకు నష్టం జరిగిపోయింది. అది చివర చెబుతాను.

మన రెవెన్యూవారికి ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయించడం ఒక పెద్ద పని. ఆయుధం, నంబరు, లైసెన్సుదారు పేరు సరిచూసి జాబితా మీద సంతకాలు తీసుకోవాలి. మన వైపు ఎక్కువగా వచ్చేవి డబల్ బ్యారెల్ తుపాకులు, చేను కాపలాకు ఇచ్చిన మందు కూరే నాటు తుపాకులు. రివాల్వర్లు తాలూకా మొత్తానికి రెండో మూడో. 1977 లోక్‌సభ ఎన్నికలప్పుడు అట్లా రెండు రివాల్వర్లు బల్లమీద పక్కపక్కన పెట్టి ఉండగా చూశాను. ఒకదాని గొట్టం జానెడు, ఇంకొకదానిది బెత్తెడు. "ఈ పొట్టిది చిన్నది కదా, కాల్చేవానికి సుళువేమో" అన్నాను. పక్కనే ఉన్న ఆర్మర్డ్ రిజర్వు హెడ్ కానిస్టేబులు నవ్వి, "అయ్యా, పొట్టిదే ఎక్కువ తంతుంది" అన్నాడు. కారణం అడిగితే "అది అంతే" అన్నాడు.

ఆ మాటే నన్ను ఇన్నేండ్లు చదివించింది.

తుపాకి తన్నడమంటే ఏమిటో నాకు అంతకు ముందే ఎరుక. అనంతపురం కాలేజీలో చదివే రోజుల్లో ఎన్.సి.సి. ఉండేది. .303 రైఫిలు కాల్చడానికి ఇచ్చినప్పుడు మడమను భుజానికి గట్టిగా ఆనించమని చెప్పారు. ఆనించలేదు. నాలుగు రోజులు భుజం నల్లగా కమిలింది. రైఫిలుకు భుజం ఉంది, ఒళ్ళంతా వెనక ఉంది. రివాల్వరుకు ఉన్నది మణికట్టు ఒక్కటే. అందుచేత రివాల్వరు విషయంలో ఈ తన్ను సంగతి చరిత్ర పొడుగునా తయారీదార్లను వేధించింది.

మూలం న్యూటన్ 1687లో చెప్పిన మూడవ సూత్రమే. గుండు ఎంత జోరుతో ముందుకు పోతుందో తుపాకి అంత జోరుతో వెనక్కి వస్తుంది. ఈ జోరును మొట్టమొదట సరిగా కొలిచినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. బరువైన లోలకాన్ని వ్రేలాడదీసి, దానికి గుండు తగిలినప్పుడు ఎంత ఊగిందో చూసి వేగం లెక్కగట్టాడు. తుపాకి గొట్టాన్నే ఆ లోలకానికి కట్టి, పేల్చి, అది ఎంత వెనక్కి ఊగుతుందో కూడా చూశాడు. 1742లో ఆయన ప్రచురించిన పుస్తకాన్ని ఆయిలర్ అంతటి గణితజ్ఞుడు జర్మనులోకి అనువదించి వ్యాఖ్యానం వ్రాశాడు. ఇంత దూరపు మనిషి ప్రసక్తి ఇక్కడెందుకంటే, రాబిన్స్ చివరి ఉద్యోగం మన మద్రాసులోనే. ఈస్టిండియా కంపెనీవారు కోటల పునర్నిర్మాణానికి ఇంజనీర్ జనరల్‌గా పంపగా వచ్చి, జ్వరం తగిలి 1751 జూలైలో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. అప్పటికి మన సీమ కంపెనీ చేతికి రాలేదు. హైదరు, టిపూ, వారి తరువాత నిజాము అయిన పిమ్మట 1800లో గదా దత్తమండలాలుగా వచ్చింది. మడకశిర తాలూకా 1882లో అనంతపురం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాము. జిల్లా పేరు మారినా మూడు దిక్కులా కన్నడ సీమే.

ఇక రివాల్వర్లు. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1847లో సైన్యం కోసం చేసిన "వాకర్" రివాల్వరు గొట్టం 9 అంగుళాలు, బరువు రెండు కిలోలు. నడుముకు కట్టుకొనేది కాదు, గుర్రపు జీనుకు తగిలించుకొనేది. నల్లమందు ఎక్కువ పట్టేది. అంత బరువు ఉండబట్టే చెయ్యి తట్టుకొనేది. 1873 కోల్టుకు మూడు రకాల గొట్టాలు వచ్చాయి: ఏడున్నర, అయిదున్నర, నాలుగుముప్పావు అంగుళాలు. ఈ కోల్టు పిడిలో ఒక నేర్పు ఉంది. నాగలి మేడి మాదిరి వంపు తిరిగి ఉంటుంది. పేలినప్పుడు అది అరచేతిలో జారుతూ పైకి తిరుగుతుంది. తన్ను సూటిగా మణికట్టుకు తగలక, తిరుగుడులో కొంత ఖర్చైపోతుంది. మేడి పట్టిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నాగలి రాయికి తగిలినప్పుడు బిగబట్టినవానికే నొప్పి.

మన దేశంలో తెల్లదొరల నడుముకు, తరువాత మన పోలీసు అధికారుల నడుముకు ఉన్నది ఎక్కువగా వెబ్లీ. 1887లో బ్రిటిషు సైన్యం తీసుకొన్న మొదటి రకానికి 4 అంగుళాల గొట్టం. 1915లో వచ్చిన ఆరవ రకానికి 6 అంగుళాలు, బరువు కిలో మీద ఎనభై తొంభై గ్రాములు. గుండు .455 – సుమారు 17 గ్రాముల సీసం, సెకనుకు 180 మీటర్ల పైచిలుకు వేగం. వేగం తక్కువ, బరువు ఎక్కువ. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, ఇంత బరువు గుండును కొద్దిపాటి శిక్షణతో వచ్చే సిపాయిలు సరిగా కాల్చలేకున్నారని తేల్చి, చిన్నగుండు వైపు మళ్ళారు. అట్లా 1932లో ఎన్‌ఫీల్డు .38 రివాల్వరు వచ్చింది. 5 అంగుళాల గొట్టం, 13 గ్రాముల గుండు, బరువు ముప్పాతిక కిలో.

ఇక్కడ గుమాస్తా బుద్ధితో ఒక లెక్క వేసి చూశాను. మందు పొగ జోరు వదిలేసి గుండు జోరు మాత్రమే తీసుకొంటే, పాత వెబ్లీ వెనక్కి వచ్చే వేగం సెకనుకు సుమారు 2.9 మీటర్లు. కొత్త ఎన్‌ఫీల్డుది సుమారు 3.2 మీటర్లు! గుండు తగ్గించారు గాని తుపాకి బరువు అంతకంటే ఎక్కువ తగ్గించారు. శక్తి లెక్కలో చూస్తే మాత్రం వెబ్లీకి నాలుగున్నర జౌళ్ళు, ఎన్‌ఫీల్డుకు నాలుగు. ఒక చేత్తో ఇచ్చి ఇంకొక చేత్తో తీసుకొన్నట్లుంది. మన పే రివిజన్లు గుర్తుకువస్తే నా తప్పు కాదు. అయితే మోసుకొని తిరగడానికి తేలిక అన్నది కూడా సిపాయికి లాభమే కదా. అది ఈ లెక్కలోకి రాదు.

మన లైసెన్సు ఫైళ్ళలో ఈ రెండు గుండ్ల పేర్లు ఇంకొక చోట కనబడేవి. 1962 ఆయుధాల నిబంధనల షెడ్యూలులో, సైన్యం గుండ్లు పేల్చగల ఆయుధాలు సామాన్యులకు నిషిద్ధమని ఉండేది. .303 రైఫిలు, .410 మస్కెటు, .380, .455 రివాల్వర్లు అందులోవే. అందుకే మన దేశంలో లైసెన్సుదారు చేతిలో కనబడే రివాల్వరు సాధారణంగా .32. కాన్పూరు ఆయుధ కర్మాగారం 1990 దశకం నడుమ నుండి చేస్తున్నది 3 అంగుళాల గొట్టం, 700 గ్రాముల బరువు. 2014లో ఆడవారి రక్షణకని తెచ్చిన "నిర్భీక్" 500 గ్రాములే. గుండు అదే, మందు అదే. బరువు తగ్గిన మేరకు తన్ను శక్తి దాదాపు ఒకటింబావుకు పైగా, అంటే పదికి పద్నాలుగు చొప్పున, పెరుగుతుంది. .32 చిన్నగుండు కాబట్టి సరిపోయింది. పెద్దగుండు అయితే అంత తేలిక రివాల్వరును ఎవరూ రెండవసారి పట్టుకోరు.

అసలైన పరీక్ష పెద్దగుండు రివాల్వర్లలోనే. 1935లో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు .357 మాగ్నం తెచ్చారు. 1955లో .44 మాగ్నం వచ్చింది. దానికి 4 అంగుళాల గొట్టమూ ఉంది, ఆరున్నర అంగుళాలదీ ఉంది, వడ్రంగి భాషలో చెప్పాలంటే ఎనిమిదంగుళాల మూడు నూళ్ళదీ ఉంది. గుండు సుమారు పదిహేనున్నర గ్రాములు.

హెడ్ కానిస్టేబులు మాట నిజమా కాదా అని దీని మీదనే లెక్క వేశాను. పొడుగు గొట్టంలో మందుపొగ గుండును ఎక్కువసేపు తోస్తుంది కాబట్టి గుండు వేగం పెరుగుతుంది. పొట్టిదానిలో సెకనుకు 380 మీటర్లు అనుకొంటే పొడుగుదానిలో 430 అనుకోవచ్చు. గుండు జోరు పెరిగితే తుపాకి జోరూ పెరగాలి. ఈ పద్దు ప్రకారం పొడుగుదే ఎక్కువ తన్నాలి! కాని ఇనుము పెరిగింది. పొట్టిది సుమారు 1,200 గ్రాములైతే పొడుగుది 1,450. గుండు జోరుకు ఒకటిన్నర గ్రాముల మందు పొగ జోరు కూడా కలిపితే, పొట్టి రివాల్వరు సెకనుకు 6.4 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, పొడుగుది 5.9. శక్తి లెక్క కడితే రెండింటికీ దాదాపు 25 జౌళ్ళే. పాత వెబ్లీకి అయిదారు రెట్లు.

జమా ఖర్చు సరిపోయింది. కాని ట్రెజరీలో పనిచేసిన మిత్రులు ఎరుగుదురు, పద్దు సరిపోయినంత మాత్రాన నగదు సరిపోయినట్లు కాదు. కాల్చినవారంతా పొట్టిదే ఎక్కువ తన్నిందంటారు. ఎందుకు?

మొదటి కారణం తిరుగుడు. రివాల్వరు గొట్టం చేతికి సూటిగా లేదు, పిడికిలికి పైన ఉంది. కాబట్టి తన్ను సూటిగా వెనక్కి రాక, కొనను పైకి లేపుతూ వస్తుంది. ఇంట్లో రోకలిని నడుమ పట్టుకొని తిప్పండి, సుళువుగా తిరుగుతుంది. ఒక కొన పట్టుకొని తిప్పండి, మణికట్టు మొరాయిస్తుంది. బరువు అదే, బరువు ఉన్న దూరం వేరు. దూరం రెండింతలైతే తిరుగుడుకు అడ్డు నాలుగింతలు. పొడుగు గొట్టంలో అదనంగా చేరిన ఇనుమంతా చేతికి దూరంగా, కొనలో చేరింది. అందుచేత బరువు పెరిగింది అయిదో వంతే అయినా కొన లేవడానికి అడ్డు అంతకు చాలా ఎక్కువ పెరుగుతుంది. ఏతం మాను చివర రాయి కట్టే మన పెద్దలకు ఈ శాస్త్రం పుస్తకం లేకుండానే తెలుసు.

ఈ కొన లేవడం గుండు గొట్టంలో ఉండగానే మొదలవుతుంది. గుండు బయటపడేది సెకనులో వెయ్యో వంతు ఆ ప్రాంతంలో. ఆ కాస్త సేపటిలో లేచే కొనకు సరిపడేటట్లు రివాల్వరు ముందు గురిపుల్లను ఎత్తుగా పెడతారు. గురి చూసినప్పుడు గొట్టం నిజానికి కొంచెం కిందికి చూస్తుంటుంది. నేను బల్లమీద చూసిన జానెడు రివాల్వరుకు అంత ఎత్తు గురిపుల్ల ఎందుకో అప్పుడు తెలియక, ఎవరో అతికించారనుకొన్నాను.

రెండవ కారణం చప్పుడు, మంట. పొట్టి గొట్టంలో మందు పూర్తిగా పని చేయకముందే గుండు వెళ్ళిపోతుంది. మిగిలిన ఒత్తిడి అంతా కొన దగ్గర ఒక్కసారి పేలి మంటగా బయటికి వస్తుంది. అదీ ముఖానికి దగ్గరగా. చెయ్యి ఎంత దెబ్బ తిన్నదో మనసు చెవితో కలిపి లెక్క కడుతుంది. మరుసటి గుండుకు చెయ్యి ముందే ఉలిక్కిపడుతుంది, గురి తప్పుతుంది. ఒకసారి కరెంటు షాకు కొట్టిన స్విచ్చిని తాకేటప్పుడు వేలు ఎట్లా వెనక్కి పోతుందో అట్లా.

కాబట్టి హెడ్ కానిస్టేబులు చెప్పింది నిజమే. పొడుగు గొట్టం గుండుకు జోరు ఎక్కువ ఇస్తుందని చెప్పే పుస్తకాలదీ నిజమే. ఇద్దరూ వేర్వేరు రిజిస్టర్లు చూస్తున్నారు. 2003లో అదే కంపెనీవారు .500 మాగ్నం తెచ్చినప్పుడు పాత వాకరు దగ్గరికే తిరిగి పోయారు: పొడుగు గొట్టం, రెండు కిలోల బరువు. దానికి తోడు పొగను పైకి మళ్ళించి కొనను కిందికి అణచే రంధ్రాలు. నూటయాభై ఏండ్లు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది బండి.

సినిమాల గురించి ఒక మాట చెప్పకపోతే మా మనుమలు ఊరుకోరు. 1971లో మన కృష్ణగారి "మోసగాళ్ళకు మోసగాడు" వచ్చింది. హిందూపురం పోయి మూడుసార్లు చూశాను. అదే సంవత్సరం అమెరికాలో .44 మాగ్నం పట్టుకొన్న పోలీసు సినిమా "డర్టీ హ్యారీ" వచ్చిందని చాలాకాలానికి తెలిసింది. రెండింటిలోనూ చేతులు పెద్దగా కదలవు. ఖాళీ తూటాలో గుండు ఉండదు, గుండు లేకపోతే తన్నడానికి జోరు ఏది? తెరమీద వీరుడు ఒంటిచేత్తో టపటపా కాల్చడం వెనుక రహస్యం అంతే. మనుమడికి ఇది చెబితే వాడి ముఖం చిన్నబోయింది. చెప్పకుండా ఉండవలసింది.

ఇక మొదట చెబుతానన్న రైతు సంగతి.

1980 ప్రాంతం. కొండ అంచు పల్లెల్లో శెనక్కాయ చేలకు అడవిపందుల బెడద, తోటలకు ఎలుగుల బెడద. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక చంపరాదు, గాలిలోకి పేల్చి బెదిరించవలసిందే. చేను కాపలాకు మందు కూరే తుపాకి లైసెన్సు ఉన్న ఒక రైతు రెన్యువలుకు వచ్చాడు. వయసు అరవై దాటి ఉంటుంది. లైసెన్సులో గొట్టం 36 అంగుళాలని ఉంది. చూడగానే పొట్టిగా తోచి టేపు పెట్టాను. 23 అంగుళాలు.

"ఏమప్పా, మిగిలింది ఎక్కడ?" అన్నాను.

"కొన చీలిపోయింది సార్. మట్టి దూరింది చూసుకోల్యా. కమ్మరాయన కోసిచ్చినాడు."

దాచాలన్న తలంపే లేదు ఆ మనిషికి. పైగా నాతో మొర పెట్టుకొన్నాడు: "కోసినప్పటి నుంచి గాడిద తన్నినట్ల తంతాండాది సార్. మందు అంతే పోస్తాండా, ముందర ఇట్ల తన్నేది కాదు. రెండు దినాలు చెయ్యి పైకి లేయదు. ఏమన్నా రిపేరీ ఉంటాదా?"

నాకు అప్పుడు జవాబు తెలియదు. ఇప్పుడైతే చెబుదును: గొట్టంతోపాటు అర కిలో దాకా ఇనుము పోయింది, అదీ కొనలోది, మందు సగం తగ్గించి పోసుకో పెద్దాయనా, పందిని బెదిరించడానికి చప్పుడు చాలు, అని. నాకు ఆనాడు తెలిసింది ఒక్కటే – 1959 ఆయుధాల చట్టం ఆరవ సెక్షను. లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయరాదు. పొట్టి తుపాకి బట్టల కింద దాగుతుంది, నేరానికి పనికివస్తుంది అన్నది చట్టం భయం. అదే చట్టం పదమూడవ సెక్షనులో రక్షణకు, వేటకు ఇచ్చే తుపాకి గొట్టం 20 అంగుళాలకు తగ్గరాదని ఉంది. మందు కూరే తుపాకిని మాత్రం చేను కాపలాకు అని ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఇవన్నీ కంఠతా వచ్చు. నోటు వ్రాశాను. "లైసెన్సుదారు నిబంధనలను ఉల్లంఘించినట్లు కనబడుచున్నది" అని. పై అధికారులు దయతలచి కేసు లేకుండా లైసెన్సు రద్దుతో సరిపెట్టారు. తుపాకి స్టేషనుకు పోయింది.

మరమ్మతుకు అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టించి, వెనుకటి తేదీ కాకపోయినా ఆ తేదీతోనైనా పైకి పంపి, చీలిన కొన సంగతి నోటులో ఒక్క వాక్యం వ్రాసి ఉంటే ఏమయ్యేదో. వ్రాయలేదు. గడిలో 36 ఉంది, టేపులో 23 వచ్చింది, తేడా 13 అని మాత్రం వ్రాశాను.

ఆ ఏడు వాన కూడా అంతంతమాత్రమే. మిగిలిన చేనును పందులు తవ్విపోశాయని ఆ పల్లె కరణం చెప్పాడు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చిన తరువాత, జాబితాల పనిమీద ఆ ఊరికి పోవలసి వచ్చింది. రైతు అప్పటికి లేడు. ఇంటి ముసలమ్మ నన్ను గుర్తుపట్టలేదు. "రా సామీ, కూసో" అని కాఫీ పెట్టింది. పొయ్యి పొగబెడుతుంటే ఒక ఇనుప గొట్టం తీసి నోటికి పెట్టుకొని ఊదింది. ఒక కొన నున్నగా కోసి ఉంది. రెండవ కొన కొద్దిగా చీలి, చీలికను రాగి తీగతో చుట్టి ఉంది. ఎంత పొడవో కొలవనక్కరలేకపోయింది.